కొత్త ట్యాంకులో గోధుమరంగు నాచు: మందు వేయాలా, వదిలేయాలా?

నీటిచుక్క:
చేపల ట్యాంకు పెట్టి ఇంకా నెల కాలేదు. గాజు మీద, రాళ్ల మీద, ఆకుల మీద గోధుమరంగు పొర పేరుకుంటోంది. వేలితో రాస్తే పొడిలా లేచిపోతుంది, రెండు రోజులకే మళ్లీ కనిపిస్తుంది. నీళ్లన్నీ పారబోసి, కంకర కడిగి మళ్లీ మొదలుపెట్టమని ఒకరు, అసలు ముట్టుకోవద్దని ఇంకొకరు. ఎవరి మాట వినాలి?

పచ్చఆకు:
వదిలేయమనే మాటతో నేను ఏకీభవించను. కొత్తగా నాటిన మొక్క ఇంకా వేళ్లూనుకోలేదు. ఆకు మీద పొర కమ్మితే దానికి వెలుతురే అందదు. నాచుమందు వేసి వదిలించుకోండి.

మంచినీటి చేప:
పొర తుడవాలన్నంతవరకు పచ్చఆకు గారి మాట సరైనదే. మందు మాత్రం వద్దే వద్దు. రాగి కలిసిన మందులు రొయ్యలను, నత్తలను చంపేస్తాయి. అది అలా ఉంచి, ఒక్కసారిగా చచ్చిన నాచు నీటిలోనే కుళ్లుతుంది. ప్రాణవాయువును లాగేసుకుని, చేపలకు విషమైన అమ్మోనియాను వదులుతుంది. అమ్మోనియాను నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా కొత్త ట్యాంకులో కుదురుకోవడానికి సాధారణంగా 4 నుంచి 6 వారాలు పడుతుంది. ఈలోగా ఆ భారమంతా చేపల మొప్పల మీదే పడుతుంది.

అన్నీ కడిగేయమన్న సలహా ఇంకా ప్రమాదం. ఆ బ్యాక్టీరియా ఉండేది నీళ్లలో కాదు, ఎక్కువగా ఫిల్టరు స్పాంజికి, కంకరకు అంటుకుని ఉంటుంది. క్లోరిన్ ఉన్న కుళాయి నీటితో వాటిని కడిగితే కథ మళ్లీ మొదటికి వస్తుంది. స్పాంజిని ట్యాంకులోంచి తీసిన నీటిలోనే పిండండి. వారానికోసారి గాజు గీకి, రాలిన పొరను గొట్టంతో లాగేస్తూ పావువంతు నీళ్లు మార్చండి. లైటు రోజుకు 6 గంటలు చాలు.

పచ్చఆకు:
ఈ గోధుమరంగు పొర డయాటమ్‌లనే సూక్ష్మ నాచుజీవులే కదా, అవి మసక వెలుతురులోనూ పెరుగుతాయి. లైటు తగ్గిస్తే నష్టపోయేది మొక్కలే.

మంచినీటి చేప:
నిజమే, డయాటమ్‌లు లైటు తగ్గించినంత మాత్రాన పోవు. నీటిలో కరిగిన సిలికాతో పెంకు కట్టుకునే జీవులవి. ట్యాంకు కుదుటపడే కొద్దీ చాలావరకు వాటంతటవే తగ్గుతాయి. నా భయం వాటి వెనకాలే వచ్చే పచ్చ నాచు గురించి. మొక్కలు నిలదొక్కుకోకముందే లైటు ఎక్కువైతే దానికి పండగే. త్వరగా పెరిగే హార్న్‌వర్ట్ లాంటి మొక్కలు దండిగా వేయండి, పోషకాలను అవే లాగేసుకుంటాయి. పొర నీలిపచ్చగా, జిగటగా, వాసన వేస్తూ తెరలా ఊడి వస్తే మాత్రం అది నాచు కాదు, సయనోబ్యాక్టీరియా. దాని చికిత్స వేరు.

నీటిచుక్క:
నాది పొడిపొరే, వాసన లేదు. నాచు తినే ఒటో చేపలను తెచ్చి వేయవచ్చా?

మంచినీటి చేప:
ఇప్పుడే వద్దండి. అవి డయాటమ్‌లను ఇష్టంగా తింటాయి గానీ, కుదురుకోని నీటిని ఏమాత్రం తట్టుకోలేవు. నీటి పరీక్షలో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపించి, కొన్ని వారాలు అలాగే నిలిచాక ఆలోచించండి. అప్పటికి పొర పోయి ఉంటే ఉడికించిన కీరదోస ముక్కలు వేయాలి, లేదంటే ఆకలితో చనిపోతాయి.