అమెరికా నుంచి తెచ్చిన టర్న్‌టేబుల్ ఇక్కడ మెల్లగా తిరుగుతోంది, మోటార్ పోయినట్టేనా?

ప్రశ్న (సుబేదారి, హన్మకొండ)

అందరికీ నమస్తే. మా అన్న న్యూజెర్సీ నుంచి వస్తూ, అక్కడ తను వాడిన బెల్ట్ డ్రైవ్ టర్న్‌టేబుల్ (మోటార్ బెల్టుతో తిప్పే రికార్డు ప్లేయర్) తెచ్చి బాపుకు ఇచ్చాడు. బరువైన ప్లాటర్ (రికార్డు పెట్టే పళ్లెం), మంచి ఖరీదైన సెట్టు. వెనక 115 వోల్టులని ఉంది, అందుకని స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కొని దాని మీద నడుపుతున్నాం. శబ్దం శుభ్రంగా ఉంది, కానీ పాట సాగదీసినట్టు వస్తోంది.

బాపుకు డెబ్బై నాలుగేళ్లు, భజనల్లో హార్మోనియం వాయిస్తాడు. రికార్డు పెట్టిన రెండో నిమిషానికే "ఇది ఐదో తెల్లమెట్టు మీది పాట, మూడో మెట్టు మీద వస్తుందేంది?" అన్నాడు. హార్మోనియం తెచ్చి పట్టి చూపించాడు, నిజమే.

ప్లాటర్ అంచుకు కాగితం ముక్క అంటించి, ఫోన్‌లో టైమర్ పెట్టి వంద చుట్లు లెక్కపెట్టాను. నిమిషానికి 33⅓ చుట్ల లెక్కన 180 సెకన్లు పట్టాలి, 216 పట్టింది. బెల్ట్ కొత్తదే. రిపేరు చేసే ఆయన మోటార్ వీకైంది, డైరెక్ట్ డ్రైవ్ (బెల్టు లేకుండా మోటారే నేరుగా తిప్పేది) కొనుక్కోండి అంటున్నాడు. యాభై ఏళ్లుగా ఒక్క రికార్డు కూడా పారేయకుండా దాచుకున్న మనిషి మా బాపు. ఆయనకు అవి అసలు శృతిలో వినిపించాలి. ఏం చేయమంటారు?

జవాబు (కరీంనగర్)

ముందు ట్రాన్స్‌ఫార్మర్ అవుట్‌పుట్‌కు మీటర్ పెట్టి చూడండి బ్రదర్, వోల్టేజీ తక్కువొస్తుందేమో. బేరింగ్‌లో నూనె ఎండిపోయినా బరువుగా తిరుగుతుంది.

జవాబు (కాజీపేట)

తమ్మీ, ముప్పై ఏళ్లు మోటార్లు చుట్టిన వాణ్ణి, నా మాట విను. మోటార్ పోలేదు. నీ లెక్కలోనే జవాబుంది. 216ను 180తో భాగించు, 1.2 వస్తుంది. 60ని 50తో భాగించినా అంతే. అమెరికా కరెంటు 60 హెర్ట్జ్, అంటే సెకనుకు 60 సార్లు ఊగుతుంది, మనది 50. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీని దించుతుంది గానీ హెర్ట్జ్‌ను ముట్టుకోదు.

ఇలాంటి వాటిలో ఉండేది సింక్రోనస్ మోటార్, దాని వేగం హెర్ట్జ్‌ను బట్టే ఉంటుంది. 24 పోల్స్‌ది (అయస్కాంత ధ్రువాలు) అనుకో, 60 హెర్ట్జ్ మీద నిమిషానికి 300 చుట్లు, 50 మీద 250. వోల్టేజీ తగ్గితే దాని బలం తగ్గుతుంది గానీ వేగం తగ్గదు. మరీ బలం చాలకపోతే పట్టు తప్పి కొట్టుకుంటుంది, లేదా ఆగిపోతుంది. ఇంత కచ్చితంగా ఆరో వంతు తగ్గి, గంటల తరబడి అలాగే తిరగడమనేది వీకైన మోటార్ చేసే పని కాదు. బాపు చెవిని మెచ్చుకోవాలి. ఆరో వంతు వేగం తగ్గితే శృతి మూడు మెట్లు, నల్లవి కూడా కలిపి, పైన కొద్దిగా దిగుతుంది. ఐదో తెల్లమెట్టు నుంచి మూడో తెల్లమెట్టుకు ఆ మూడు మెట్ల దూరమే.

ఒక జాగ్రత్త. 60 హెర్ట్జ్ మోటార్‌కు 50 మీద అదే 115 వోల్టులిస్తే కరెంటు ఎక్కువ లాగి వేడెక్కుతుంది. 95 దగ్గర ఇస్తే చల్లగా ఉంటుంది.

ఇక వేగం సంగతి. తేలిక దారి పుల్లీ (మోటార్ ఇరుసు మీద బెల్ట్ పట్టే చిన్న చక్రం) మార్చడం. కంపెనీ దగ్గర 50 హెర్ట్జ్ పుల్లీ దొరికితే అదే తెప్పించు. లేదంటే లేత్ మీద చేయించు, కానీ ఇక్కడ చాలామంది తప్పు చేస్తారు. పాతది 10 మిల్లీమీటర్లుంటే 12 చాలనుకుంటారు. బెల్ట్ మందం కూడా లెక్కలోకి వస్తుంది. ఒక మిల్లీమీటర్ బెల్ట్ అయితే 10 కాస్తా 11 కింద లెక్క, దానికి 1.2 రెట్లు 13.2, అందులోంచి బెల్ట్ తీసేస్తే 12.2. పన్నెండే చేయిస్తే ఒకటిన్నర శాతం వెనకబడుతుంది, అది మీ బాపు చెవికి దొరికిపోతుంది. రంధ్రం నడి మధ్యలో ఉండాలి. వెంట్రుకవాసి పక్కకు జరిగినా మోటార్ తిరిగిన ప్రతిసారీ, అంటే సెకనుకు నాలుగుసార్లు, శృతి ఊగుతుంది.

రెండో దారి, పెద్ద కంపెనీలు వెళ్లిన దారి. గోడ కరెంటును నమ్మకుండా, కచ్చితమైన తాళం ఇచ్చే క్వార్ట్జ్ క్రిస్టల్‌తో సొంతంగా సైన్ వేవ్ (నున్నగా ఊగే కరెంటు) పుట్టించి మోటార్‌కిస్తారు. మోటార్‌కు కావలసింది నాలుగైదు వాట్లే, చిన్న ఆంప్లిఫయర్ సరిపోతుంది. 33⅓ చుట్ల రికార్డుకు 60 హెర్ట్జ్, 45 చుట్ల దానికి 81 హెర్ట్జ్, ఇక వేగం మార్చడానికి బెల్ట్ చేత్తో మార్చే పని లేదు. కరెంటు పోయినప్పుడు స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ (నున్నగా కాక ఒక్కసారిగా ఎగిరి దిగే కరెంటు ఇచ్చేది) మీద మాత్రం పెట్టకు, మోటార్ గుయ్యిమంటుంది, ఆ అదురు సూది దాకా పోతుంది.

జవాబు (మంచిర్యాల)

కాజీపేట సార్ చెప్పింది అక్షరాలా నిజం. డైరెక్ట్ డ్రైవ్ గురించి అడిగారు కాబట్టి ఒక మాట. జపాన్‌లోనే టోక్యో వైపు 50 హెర్ట్జ్, ఒసాకా వైపు 60. 1970లో వచ్చిన టెక్నిక్స్ ఎస్‌పీ-10లో ఆ గొడవే లేదు. బెల్టు లేదు, మోటారే నిమిషానికి 33⅓ చుట్లు తిరుగుతుంది, వేగాన్ని లోపలి సర్క్యూటే పట్టి ఉంచుతుంది. నా దగ్గర 1979 మోడల్ ఎస్‌ఎల్-1200ఎంకే2 ఉంది, క్వార్ట్జ్ లాక్, అంటే క్వార్ట్జ్ క్రిస్టలే వేగాన్ని కట్టేసి ఉంచుతుంది. ఎన్నేళ్లు వాడినా వేగం గురించి నాకు టెన్షన్ లేదు. అంత మెల్లగా తిరిగే మోటార్‌లో ఒక్కో పోల్ దాటినప్పుడు సన్నని గుంజు ఉంటుంది. 2016లో వచ్చిన ఎస్‌ఎల్-1200జీలో ఇనుప కోర్ తీసేసింది అందుకే. అయినా అన్న ఇచ్చినది, బరువైన ప్లాటర్ ఉన్నది అమ్మకండి. అలాంటి ప్లాటర్, బెల్టు కలిసి మోటార్ అదురును మింగేస్తాయి.

ప్రశ్న అడిగిన వ్యక్తి (సుబేదారి)

కాకా, మీ లెక్క ప్రకారమే చేయించాను. మాది కూడా 10 పుల్లీ, ఒక మిల్లీమీటర్ బెల్టే. అల్యూమినియంతో 12.2 చేసిచ్చారు. వోల్టేజీ కూడా 95కు దింపాను, మోటార్ చల్లగా ఉంది. వంద చుట్లకు 180 సెకన్లు. బాపు ఐదో మెట్టు నొక్కి పట్టి, కళ్లు మూసుకుని పాటంతా విన్నాడు. ఏమీ అనలేదు, రికార్డు తిప్పి రెండో వైపు పెట్టమన్నాడు.

సన్నాయి రికార్డులో మాత్రం లాగి పట్టిన స్వరం వణుకుతోంది. లెక్కపెట్టాను, సెకనుకు నాలుగుసార్లు. రంధ్రం మధ్యలో లేనట్టుంది, ఆదివారం మళ్లీ లేత్ దగ్గరికి వెళ్తున్నాను. అప్పటిదాకా సన్నాయి పక్కనపెట్టి పాటలే వింటున్నాడు.