లేవగానే నాన్నకు కళ్లు బైర్లు కమ్ముతున్నాయి, గుండె జబ్బేనా?

మాది అనంతపురం దగ్గర పల్లె. నాన్నకు 68 ఏళ్లు, బీపీ మాత్ర వేసుకుంటారు. మొన్న వేరుశనగ చేనులో కలుపు తీస్తూ లేచి, తూలి, నా భుజం పట్టుకున్నారు. ఇంట్లో చూస్తే కూర్చున్నప్పుడు పై అంకె 140, నిలబడ్డాక 112. మిషను చెడిపోయిందని ఆయన వాదన!

జవాబు: మిషను తప్పు కాదండి. మనం లేచినప్పుడు అర లీటరుకు పైగా రక్తం కాళ్లలోకి, పొట్టలోకి దిగి బీపీ తగ్గుతుంది. మెడ ధమనిలోనూ గుండె నుంచి బయలుదేరే పెద్ద రక్తనాళం (బృహద్ధమని) వంపులోనూ ఉన్న నాడీ గ్రాహకాలు అది పసిగట్టి గుండె వేగం పెంచుతాయి, రక్తనాళాలను బిగిస్తాయి. వయసు, పాత బీపీ, షుగరు ఆ గ్రాహకాలను మొద్దుబారుస్తాయి. గుండెపోటు వచ్చినవారిలో ఈ స్పందన మందగిస్తే ప్రాణాపాయం ఎక్కువని 1998లో వైద్య పత్రిక లాన్సెట్‌లో వచ్చిన అధ్యయనం చూపింది. అలాగని మీ నాన్నగారికి గుండె జబ్బు ఉందని కాదు.

మరో జవాబు: నిలబడిన మూడు నిమిషాల్లో పై అంకె 20 తగ్గితే డాక్టరుకు చూపించాల్సిందే. మాత్ర మాత్రం సొంతంగా ఆపకండి. మా అమ్మకు మోతాదు మార్చాక తగ్గింది. ఎండలో నీళ్లు తాగుతున్నారా?

అడిగినవారు: చెంబు గట్టు మీదే ఉంటుంది, నిండుగా! ఈ రోజు 138, 110. సోమవారం ఆసుపత్రికి అంటే, కలుపు అయ్యాక చూద్దామంటున్నారు.