కంప్యూటర్‌కి ఇంటి ఇన్వర్టర్ సరిపోతుందా, వేరే యూపీఎస్ కొనాల్సిందేనా?

డీటీపీ_శ్రీకాకుళం
షాపులో 900 వీఏ సైన్ వేవ్ (మెయిన్స్ లాంటి నున్నటి అల ఇచ్చే) ఇన్వర్టర్, 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్) ట్యూబులర్ బ్యాటరీ ఉన్నాయి. వాటి మీద రెండు డెస్క్‌టాప్‌లు, లేజర్ ప్రింటర్, రౌటర్ నడవాలి. ఒక్కో కంప్యూటర్‌కి 600 వీఏ యూపీఎస్ తప్పదని కొందరు, ఇన్వర్టర్‌ని యూపీఎస్ మోడ్‌లో పెడితే సరిపోతుందని మరికొందరు అంటున్నారు. లెక్కతో సహా చెప్పండి.

వోల్ట్‌మీటర్
వేరే యూపీఎస్ దండగండీ. ఇన్వర్టర్ వెనకవైపు చిన్న స్విచ్ ఉంటుంది, ముందు దాన్ని చూడండి. నార్మల్ మోడ్‌లో ఉంటే మెయిన్స్ 100 నుంచి 290 వోల్టుల దాకా ఏమొచ్చినా అలాగే వదిలేస్తుంది, చేంజోవర్‌కి, అంటే బ్యాటరీకి మారడానికి, 40 మిల్లీసెకన్ల దాకా తీసుకుంటుంది. యూపీఎస్ మోడ్‌లో 180–260 దాటితే బ్యాటరీకి మారిపోతుంది, అదీ 10 మిల్లీసెకన్ల అటూఇటూలో. మోడల్‌ని బట్టి అంకెలు కొద్దిగా మారతాయి. మన 50 హెర్ట్జ్ సప్లైలో ఒక సైకిల్ 20 మిల్లీసెకన్లు, అంటే అర సైకిల్‌లో పని అయిపోతుంది. కరెంటు లేకుండా ఎస్ఎంపీఎస్ (కంప్యూటర్ లోపలి పవర్ సప్లై డబ్బా) ఎంతసేపు ఓర్చుకోవాలో ఇంటెల్ ఏటీఎక్స్ (డెస్క్‌టాప్ పవర్ సప్లై ప్రమాణం) గైడ్‌లోనే ఉంది: పాత వెర్షన్లలో పూర్తి లోడు మీద 16 మిల్లీసెకన్లు, 3.0లో 80 శాతం లోడు మీద 17, పూర్తి లోడు మీద 12. పది కన్నా పన్నెండు ఎక్కువే కదా.

ఇక బ్యాకప్ చూడండి. 600 వీఏ యూపీఎస్ అంటే చాలా మోడళ్ళలో 360 వాట్లే. లోపల ఉండేది ఒక్క 12 వోల్టుల 7 ఏహెచ్ బ్యాటరీ, అంటే 84 వాట్‌అవర్లు. పైగా ఆ 7 ఏహెచ్ ఇరవై గంటల్లో మెల్లగా ఖాళీ చేస్తే వచ్చే లెక్క. 150 వాట్ల లోడు పెడితే బ్యాటరీ నుంచి 15 ఆంపియర్ల పైనే లాగుతుంది కాబట్టి అందులో సగమే చేతికొస్తుంది. కొత్త బ్యాటరీతో కూడా 12–15 నిమిషాలు. మీ 150 ఏహెచ్ ట్యూబులర్ మీద రెండు కంప్యూటర్లు, రెండు ఫ్యాన్లు, లైట్లు కలిపి 450 వాట్లు నడిపినా రెండు గంటలు నిలుస్తుంది.

రామగుండం_రిలే
అన్నా, సగం లెక్కనే చెప్పిన్రు. ఆ 16, 17 మిల్లీసెకన్లు మంచి ఎస్ఎంపీఎస్‌కి, సరైన వోల్టేజ్ ఉన్నప్పుడు. కేబినెట్‌తో పాటు ఉత్తగ వచ్చే ఎస్ఎంపీఎస్‌ల ఏపీఎఫ్‌సీ (మెయిన్స్ నుంచి కరెంటు సాఫీగ గుంజే సర్క్యూట్) ఉండదు. దాని పెద్ద కెపాసిటర్‌కి మెయిన్స్ పీక్ వోల్టేజే దిక్కు: 230 వస్తే 325 వోల్టులు, 180 వస్తే 254. దాచుకునే శక్తి వోల్టేజ్ స్క్వేర్ ప్రకారం ఉంటది కాబట్టి 325 దగ్గర ఉన్నదాంట్ల అరవై శాతమే మిగుల్తది. అందుల గూడ కింది భాగం వాడుకోలేం, ఒక హద్దు కింద ఎస్ఎంపీఎస్ చేతులెత్తేస్తది.

యూపీఎస్ మోడ్‌ల ఇన్వర్టర్ మారేది సరిగ్గా 180 దగ్గరే గదా! కెపాసిటర్ బాగ నీరసంగ ఉన్న టైంల చేంజోవర్ జరుగుతది. ఎండాకాలం సాయంత్రం లో వోల్టేజ్ వచ్చే ఊర్లల్ల కంప్యూటర్ రీస్టార్ట్ అయ్యేది గందుకే, ఇన్వర్టర్ ఖరాబై కాదు. ఏపీఎఫ్‌సీ ఉన్న ఎస్ఎంపీఎస్ అయితే కెపాసిటర్‌ని 380 వోల్టుల చుట్టుపక్కలనే నిలబెడ్తది, కింద 180 వచ్చినా ఫరక్ పడదు. ముందు ఆ డబ్బా మీది లేబుల్ సూడున్రి. 115/230 ఎర్ర స్విచ్ ఉన్నదంటే ఏపీఎఫ్‌సీ లేనట్టే.

వోల్ట్‌మీటర్
లో వోల్టేజ్ సంగతి ఒప్పుకుంటాను, మంచి పాయింట్. కానీ దానికి మందు యూపీఎస్ కాదు, ఎస్ఎంపీఎస్ మార్చడం. ఇంకో సంగతి: తక్కువ ధర 600 వీఏ యూపీఎస్ బ్యాటరీ మీద ఉన్నప్పుడు ఇచ్చేది సైన్ వేవ్ కాదు, మెట్లు మెట్లుగా ఉండే స్టెప్ వేవ్. ఏపీఎఫ్‌సీ ఎస్ఎంపీఎస్‌లు కొన్నిటికి అది పడదు. మధ్యలో సున్నా దగ్గర ఆగి, ఒక్కసారిగా పైకి లేచినప్పుడు కరెంటు పీక్ గుంజుతుంది, యూపీఎస్ దాన్ని ఓవర్‌లోడ్ అనుకుని మూసుకుంటుంది. 360 వాట్ల యూపీఎస్ 200 వాట్ల లోడుకే ట్రిప్ అవుతోందంటే ముందు ఇదే అనుమానించాలి. మంచి ఎస్ఎంపీఎస్ పెట్టాక దానికి సైన్ వేవ్ ఇన్వర్టరే నయం.

సర్వర్‌రూమ్
ఇద్దరూ మిల్లీసెకన్ల దగ్గరే ఆగిపోయారు. అసలు తేడా సమాచారం. ఇంటి ఇన్వర్టర్ కంప్యూటర్‌తో మాట్లాడదు. మనిషి లేనప్పుడు కరెంటు పోతే రెండు గంటల తర్వాత బ్యాటరీ అయిపోయి, ఫైలు రాస్తున్న మధ్యలో సిస్టం టపీమని ఆగుతుంది. ట్యాలీ డేటా, డేటాబేస్ ఉన్నచోట చెడగొట్టేది ఇదే.

యూఎస్‌బీ పోర్టు ఉన్న యూపీఎస్‌ని ఇన్వర్టర్ సాకెట్‌కి తగిలించి, కంప్యూటర్‌ని యూపీఎస్‌కి ఇవ్వండి. అప్పుడు యూపీఎస్ దృష్టిలో ఇన్వర్టరే మెయిన్స్. ఇన్వర్టర్ చచ్చినప్పుడే దానికి పెద్ద పని పడుతుంది, ఆ పది నిమిషాలు చక్కగా షట్‌డౌన్ చేయడానికి చాలు. విండోస్ చాలా మోడళ్ళని ల్యాప్‌టాప్ బ్యాటరీలా గుర్తిస్తుంది. పవర్ ఆప్షన్స్‌లో క్రిటికల్ లెవెల్ 20 శాతం, చర్య హైబర్నేట్ అని పెట్టండి. మామూలుగా ఉండే 5 శాతం వద్దు, పాత బ్యాటరీ 15 నుంచి సున్నాకి ఒకేసారి పడిపోతుంది. లినక్స్‌లో నట్ (యూపీఎస్‌తో మాట్లాడే ప్రోగ్రాం) వాడండి. యూఎస్‌బీహెచ్ఐడీ-యూపీఎస్ డ్రైవర్ పట్టకపోతే నట్‌డీఆర్‌వీ_క్యూఎక్స్ ప్రయత్నించండి. కొనేముందు వెనక యూఎస్‌బీ ఉందో లేదో చూసుకోండి, చాలా 600 వీఏ మోడళ్ళలో ఉండదు.

ఒక షరతు: ఇన్వర్టర్ స్క్వేర్ వేవ్ అయితే ఈ ఏర్పాటు వద్దు. చిన్న యూపీఎస్‌లు చాలావరకు ఆ వేవ్‌ని మంచి సప్లైగా ఒప్పుకోవు, టకటకా రిలే కొట్టుకుంటూ సొంత బ్యాటరీని తాగేస్తాయి.

డీటీపీ_శ్రీకాకుళం
నాది సైన్ వేవే. పాత 600 వీఏ ఒకటి మూలన ఉంది, కరెంటు పోగానే అదీ ఆగిపోతుంది. బ్యాటరీయా, బోర్డా?

రామగుండం_రిలే
తొంభై పాళ్ళు బ్యాటరీనే. తేల్చుకునే పద్ధతి చెప్త. ప్లగ్ పీకి, స్విచ్ ఆఫ్ చేసి మూత తీయున్రి. మల్టీమీటర్ డీసీ 20 వోల్టుల రేంజ్‌ల పెట్టి, క్రొకడైల్ క్లిప్పులతోని బ్యాటరీ టెర్మినళ్ళకి ముందే తగిలించి చేతులు బయటికి తీయున్రి; కొన్ని మోడళ్ళల్ల ప్లగ్ పెట్టినంక బ్యాటరీ వైపు గూడ షాక్ ఉంటది. అవుట్‌పుట్‌కి కంప్యూటర్ వద్దు, 100 వాట్ల పాత ఫిలమెంట్ బల్బు పెట్టున్రి. ఇగ ప్లగ్ పెట్టి ఆన్ చేయున్రి, ఛార్జింగ్‌ల 13.5–13.8 సూపిస్తది. ఆ అంకె సూసి బ్యాటరీ బాగున్నదనుకోవద్దు, అది ఛార్జర్ వోల్టేజ్. కొన్ని గంటలు ఛార్జ్ అయినంక ప్లగ్ పీకున్రి. మంచి బ్యాటరీ 12 దగ్గర్ల నిలబడి మెల్లగ దిగుతది. చచ్చింది సెకన్లల్ల 10.5 కిందికి జారి, బీప్ ఆగకుండ మోగి, బల్బు ఆరిపోతది. వోల్టేజ్ 12 మీదనే ఉండి బల్బు వెలగకపోతే అప్పుడు బోర్డు.

కొత్తది తెచ్చేటప్పుడు పాతదాని టెర్మినల్ వెడల్పు కొలవున్రి: 4.8 మిల్లీమీటర్లా, 6.3నా. లగ్ (వైరు చివరి క్లిప్పు) వదులైతే వేడెక్కి కాలుతది. అదే సైజుల 9 ఏహెచ్ దొరుకుతది, అది పెట్టొచ్చు. కానీ కారు బ్యాటరీ బయటికెళ్ళి తగిలించొద్దు. ఆ ట్రాన్స్‌ఫార్మర్, హీట్‌సింక్ పది పదిహేను నిమిషాలకే చేసినయి, గంటసేపు నడిపితే మాడిపోతయి. ఇంకోటి, 25 డిగ్రీల మీద ప్రతి పది డిగ్రీలకి సీల్డ్ బ్యాటరీ ఆయుష్షు సగమైతది. మన ఎండలకి బల్ల కింద సీపీయూ గాలి తగిలే చోట పెడ్తే రెండేండ్లు గూడ రాదు.

వోల్ట్‌మీటర్
డేటాబేస్ ఉన్న ఒక్క సిస్టంకి యూపీఎస్ పెట్టుకోండి, కాదనను. రెండోదానికి ఇప్పటికీ అనవసరమనే అంటాను. లేజర్ ప్రింటర్‌ని మాత్రం ఇన్వర్టర్‌కీ, యూపీఎస్‌కీ దేనికీ ఇవ్వకండి: ఫ్యూజర్ (టోనర్‌ని కాగితానికి కరిగించి అంటించే భాగం) వేడెక్కేటప్పుడు 600 నుంచి 1000 వాట్లు లాగుతుంది, నేరుగా మెయిన్స్‌కే పెట్టండి. వైరింగ్‌లో ఇన్వర్టర్ అవుట్‌పుట్ న్యూట్రల్‌ని మిగతా ఇంటి న్యూట్రల్‌తో బోర్డులో కలిపేశారేమో చూపించండి, కలిపితే ఆర్‌సీసీబీ (లీకేజీ ఉంటే కరెంటు ఆపే స్విచ్) ఊరికే పడిపోతుంది. కేబినెట్ ముట్టుకుంటే చురుక్కుమంటోందంటే ఎర్తింగ్ లేనట్టు. ఫిల్టర్ కెపాసిటర్ల వల్ల బాడీ మీదకి 115 వోల్టుల దాకా వస్తుంది. లోడు నడుస్తుండగా న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య ఏసీ వోల్టేజ్ కొలవండి. మూడు దాటితే ముందు ఎర్త్ పిట్ బాగు చేయించి, తర్వాత ఇన్వర్టర్ సాకెట్‌లో కూడా అదే కొలత తీసి ఇక్కడ పెట్టండి.