అప్‌డేట్: గాలి నింపే కనూనా, ఫైబర్‌దా? చివరికి ఏది తీసుకున్నానంటే

హన్మకొండలో మూడో అంతస్తు ఫ్లాట్‌లో ఉంటూ, కొత్తగా నేర్చుకోవడానికి ఏ కనూ (తెడ్డుతో నడిపే సన్నటి చిన్న పడవ) కొనాలని అడిగింది నేనే. గాలిదే తీసుకున్నాను. ఫైబర్‌దైతే ఆ మెట్లెక్కేది కాదు. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

బాగా పనికొచ్చింది అడుగున ఫిన్ (చేప రెక్కలాంటి చిన్న పలక) బిగించమన్న మాట. అది లేకుండా ములుగు వైపు మా ఊరి చెరువులో దిగితే, తెడ్డు వేసినప్పుడల్లా ముక్కు పక్కకు తిరిగిపోయేది. బిగించాక తిన్నగా పోతోంది. ఎదురుగాలికి మాత్రం కొట్టుకుపోతుంది, పొద్దున్నే వెళ్లడం నయం.

తుమ్మముళ్ల టెన్షన్ దండగ, ఇంతవరకు పంక్చరే లేదు. అసలు తలనొప్పి ఎండ: ఒడ్డున వదిలేస్తే లోపలి గాలి వ్యాకోచించి ట్యూబులు బిర్రబిగుస్తాయి, కాస్త గాలి తీసెయ్యాలి. మడిచేముందు మూలల్లో తడి తుడవకపోతే బూజు ఖాయం.