రివర్ మీద చిన్న పందెం: కాయాలా, కట్టాలా, ఒడ్డాలా?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. అమీర్‌పేటలో మా మిత్రులం ఆదివారాలు చింతగింజలు పెట్టుకుని పోకర్ ఆడుతుంటాం, డబ్బు ఊసు లేదు. కొత్తగా చేరేవాళ్ల కోసం ఆట కిటుకులు తెలుగులో రాస్తున్నాను. చివరిదైన ఐదో ముక్క, అంటే రివర్, తిరిగాక ముందు ఆడాల్సినవాడి చేతిలో ఓ మోస్తరు ముక్కలున్నాయనుకోండి. అవతలివాడు పెద్ద మొత్తం వేయకుండా ఆపడానికి ఇతనే ముందు చిన్నది వేసేస్తాడు. ఇంగ్లీషులో దీన్ని బ్లాకింగ్ బెట్ అంటారు. నేను ‘నిరోధక పందెం’ అని రాశాను. సరిపోతుందా అండీ?

జవాబు:
‘నిరోధక’ వద్దండీ, మందు సీసా మీది మాటలా ఉంది. పందేనికి మనకు మంచి క్రియలే ఉన్నాయి. కోడిపందేల దగ్గర కాస్తారు. మన హైదరాబాదులో మాటల మధ్య ‘పందెం కడతావా’ అంటాం. రెండూ బతికున్న మాటలే, కానీ వాటిలో డబ్బు పెట్టడం తప్ప ఇంకేమీ వినిపించదు. మీకు కావలసింది ‘ఒడ్డడం’.

పందెం ఒడ్డుతాం. దెబ్బకు వీపు ఒడ్డుతాం, అంటే ఎదురుగా పెట్టి ఆపుతాం. పాత కావ్యాల్లో వేటగాళ్లు వలలూ ఉరులూ ఒడ్డుతారు. పణం పెట్టడం, అడ్డుపెట్టడం, వల పన్నడం, ఈ మూడూ ఒక్క క్రియలో ఉన్నాయి. మీరు చెప్పే చిన్న పందెం చేసే పనులూ సరిగ్గా ఈ మూడే.

లెక్క చూడండి. మధ్యలో 60 గింజలున్నాయి. మీరు ఏమీ వేయకుండా వంతు వదిలేసి చెక్ అన్నారనుకోండి, అవతలివాడు 60 వేయవచ్చు. అప్పుడు మీరు 60 పెట్టి 120 కోసం చూడాలి. మూడింట ఒకసారైనా గెలవకపోతే నష్టం. అదే మీరే ముందు 15 ఒడ్డితే, అతను 15 పెట్టి 75 కోసం చూస్తాడు. ఆరింట ఒకసారి గెలిచినా అతనికి గిట్టుబాటే కాబట్టి, మీకంటే తక్కువ ముక్కలున్నా ఊరికే వదలడు. మీ ముక్కల బలం తేలడానికి ధర ఎంతో మీరే నిర్ణయించినట్టయింది. అతను పెంచితే మాత్రం ఓ మోస్తరు ముక్కలను చాలాసార్లు పడేయాల్సిందే.

మరో సభ్యురాలు:
ఒప్పుకోలేకపోతున్నానండీ. ఒడ్డడం అనగానే ప్రాణాలొడ్డడం, సర్వస్వం ఒడ్డడం గుర్తొస్తాయి. సభాపర్వంలో ధర్మరాజు సంపదతో మొదలుపెట్టి తమ్ముళ్లను, తనను, చివరికి ద్రౌపదిని ఒడ్డాడు. పదిహేను చింతగింజలకు అంత మాటా?

జవాబు:
మంచి మాట అన్నారమ్మా. అయితే ఆ బరువు ప్రాణాలదీ సర్వస్వానిదీ, క్రియది కాదు. దెబ్బ పడుతుంటే పిల్లాడికి చెయ్యి అడ్డం ఒడ్డే తల్లి సర్వస్వం ఒడ్డడం లేదు కదా. ‘కొద్దిగా ఒడ్డు’ అంటే తెలుగువాడి చెవికి ఇబ్బంది ఉండదు. నది ఒడ్డుకూ రివర్‌కూ ముడిపెట్టి మురిసిపోదామని ఎవరికైనా అనిపించవచ్చు, కానీ ఆ నామవాచకాన్ని ఇక్కడికి లాగితే కొత్తవాళ్లు తికమకపడతారు.

వల అన్న అర్థాన్ని మాత్రం మీ రాతలో వదలకండి. ఓ మోస్తరు ముక్కలున్నప్పుడే చిన్నది ఒడ్డేవాణ్ణి నాలుగు ఆటల్లో పసిగడతారు. అతను ఒడ్డగానే ఉత్తి ముక్కలతోనైనా పెంచి తరిమేస్తారు. అందుకే గట్టి ముక్కలున్నప్పుడు కూడా అప్పుడప్పుడూ అదే పదిహేను ఒడ్డాలి. బలహీనుడనుకుని పెంచినవాడు వలలో పడతాడు.

ప్రశ్న అడిగినవారు:
‘అడ్డుగా ఒడ్డడం’ అని మార్చుకుంటున్నానండీ. మరి చెక్, రైజ్?

జవాబు:
రైజ్‌కు ‘పెంచడం’ చాలు. చెక్‌ను చెక్‌గానే ఉంచండి, ఆడేవాళ్లందరి నోటా అదే ఉంది.