కొలరాడో ఎల్క్: "నాలుగు పాయింట్లు లేదా 5 అంగుళాల బ్రౌ టైన్" అంటే సరిగ్గా ఏది లెక్క?

రెండోరైఫిల్

అమెరికాలోని కొలరాడోలో రెండో రైఫిల్ సీజన్‌కి నా దగ్గర బుల్ ఎల్క్ (పెద్ద జాతి మగ జింక) ట్యాగ్, అంటే వేట అనుమతి, ఉంది. నా యూనిట్‌లో (వేట ప్రాంతంలో) కొమ్ముల నిబంధన ఉంది: ఒక కొమ్ముకి నాలుగు పాయింట్లైనా (కొసలైనా) ఉండాలి, లేదా బ్రౌ టైన్ (కొమ్ము మొదట్లో ముందుకి వచ్చే శాఖ) కనీసం 5 అంగుళాలైనా ఉండాలి. చదివితే ఒక్క వాక్యమే, కానీ ఫొటోలు ముందు పెట్టుకుని లెక్కపెడుతుంటే ప్రతిసారీ వేరే అంకె వస్తోంది.

బ్రౌ టైన్‌ని ఆ నాలుగింట్లో కలపాలా, విడిగా చూడాలా? కొమ్ము చివరి కొస పాయింటేనా? రెండు కొమ్ములవీ కలపవచ్చా? సగం విరిగిన దాన్ని ఏమనాలి? ఇంకొకటి: 5 కాదు, 4 అంగుళాలని ఒకరు గట్టిగా చెబుతున్నారు.

ఆస్పెన్‌నీడ

4 అంగుళాలు మోంటానా లెక్క. అక్కడ "బ్రౌ టైన్డ్ బుల్" అంటే మెయిన్ బీమ్ (కొమ్ము ప్రధాన కాండం) కింది సగంలో, ఏదో ఒక కొమ్ముకి, కనీసం 4 అంగుళాల పాయింట్ కనిపించాలి. కొలరాడోలో 5. యూటాలో స్పైక్ (శాఖలు లేని కొమ్ము ఉన్న బుల్) ట్యాగ్ అయితే వ్యవహారం పూర్తిగా తిరగబడుతుంది: కనీసం ఒక కొమ్ము చెవులకి పైన ఎక్కడా చీలకూడదు. ఒక రాష్ట్రంలో తప్పకుండా ఉండాల్సిన శాఖే పక్క రాష్ట్రంలో ఆ జంతువుని వదిలేయడానికి కారణమవుతుంది. అందుకే ఎవరైనా నియమం చెబితే మొదట ఏ రాష్ట్రం, ఏ యూనిట్, ఏ ట్యాగ్ అని అడగండి. కొలరాడోలోనే ఈ నిబంధన వర్తించని యూనిట్లు ఉన్నాయి. ఈ ఏడాది రాష్ట్ర వేట నియమాల బ్రోచర్‌లో మీ యూనిట్ నంబరు దగ్గర ఏముందో అదే చూడండి.

ఇక లెక్క. ఎప్పుడూ ఒక కొమ్ముకే. ఎడమ మూడు, కుడి మూడు ఉంటే అది మూడే, ఆరు కాదు. తూర్పు వైపు వైట్‌టెయిల్ జింకల వేటగాళ్ళు రెండు కొమ్ములూ కలిపి చెబుతారు, ఆ అలవాటు ఇక్కడికి తేవద్దు. కొమ్ము చివరి కొస ఒక పాయింట్. బ్రౌ టైన్, అంగుళం ఉందంటే, అదీ ఒక పాయింటే. కాబట్టి బ్రౌ, దాని పైన బెజ్ (రెండో శాఖ), చివర్లో చీలి రెండు కొసలు: మొత్తం నాలుగు, చట్టబద్ధం. బ్రౌ 3 అంగుళాలుండి, పైన ఒక్క చీలికే ఉంటే మూడు, కాదు.

"లేదా" అనే మాటని జాగ్రత్తగా చదవండి. రెండు పరీక్షల్లో ఒకటి నెగ్గితే చాలు. పైన శాఖలేమీ లేకుండా నిటారుగా ఉన్న కొమ్ముకి కింద 6 అంగుళాల బ్రౌ టైన్ ఉంటే ఆ బుల్ చెల్లుతుంది. బ్రౌ 4.5 అంగుళాలే ఉండి, అదే కొమ్ముకి మొత్తం నాలుగు పాయింట్లుంటే అదీ చెల్లుతుంది. బ్రౌ 4.5, మొత్తం మూడే అయితే చెల్లదు.

విరిగినదాన్ని ఎంత మిగిలిందో అంతే కొలవాలి. విరగకముందు ఎంతుండేదో ఊహించి కలపకూడదు. అంగుళం కంటే తక్కువ మొండి మిగిలితే అది పాయింట్ కాదు.

కూటెనీలోయ

నియమం అర్థమైనా అడవిలో పొరపాటు జరిగేది చూపు దగ్గర. బ్రౌ టైన్ ముక్కు మీదుగా ముందుకి వంగి ఉంటుంది. ఎల్క్ మీకు ఎదురుగా నిలబడితే 7 అంగుళాలది కూడా చిన్న బొడిపెలా కనిపిస్తుంది. పొడవు తేల్చుకోవాలంటే పక్క నుంచే చూడాలి. కానీ పక్క నుంచి చూసినప్పుడు ఇంకో చిక్కు: రెండు కొమ్ములూ ఒకదాని మీద ఒకటి పడి, అవతలి కొమ్ము శాఖలు కూడా ఇవతలి లెక్కలో కలిసిపోతాయి. తల కొంచెం తిరిగి రెండు బీమ్‌లూ విడివడే దాకా అంకె ఖాయం చేసుకోవద్దు.

తల దించి మేస్తున్నప్పుడు బ్రౌ టైన్లు గడ్డిలో కలిసిపోతాయి. తలెత్తి, నములుతూ పక్కకి చూసే నాలుగైదు క్షణాలే మీకు దొరికే సమయం. కొలతకి చెవిని వాడండి. ఎల్క్ చెవి సుమారు 8 అంగుళాలు. బ్రౌ అందులో మూడింట రెండొంతులకి పైగా ఉందనిపిస్తేనే 5 దాటిందనుకోండి. సగం చెవి అంటే 4 అంగుళాలే, అక్కడే చాలామంది మోసపోతారు. వెనక ఓక్ పొదలు గానీ ఎండిన ఆస్పెన్ చెట్టు కొమ్మలు గానీ ఉంటే అవి కూడా శాఖల్లా కనిపిస్తాయి. తల కదిలినప్పుడు దానితోపాటు కదిలేదే కొమ్ము.

కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో ఆరు పాయింట్ల బుల్ నియమం ఉన్నచోట ఇంకో పద్ధతి పనికొస్తుంది. కింద నుంచి బ్రౌ, బెజ్, ట్రెజ్, ఆ తర్వాత నాలుగోది, మామూలుగా అన్నిటికంటే పొడవైనది. ముందు ఆ పొడవైన నాలుగోదాన్ని పట్టుకుని దాని వెనక చూడండి. ఒక్క కొసే ఉంటే ఐదు పాయింట్ల బుల్. చీలి రెండు కొసలుంటే ఆరు. అయితే బెజ్ లేని బుల్స్ చాలానే ఉంటాయి. వెనక చీలిక చూసి ఆరు అనేస్తే, కింద బెజ్ లేక ఐదే అవుతుంది. పైనా కిందా రెండూ చూడాలి. అక్కడ టైన్ అంటే వెడల్పు కంటే పొడవు ఎక్కువుండి, కనీసం 2.5 సెంటీమీటర్లు ఉండాలి. దాని పక్క రాష్ట్రం ఆల్బర్టాలో అయితే ఎల్క్‌కి 7.6 సెంటీమీటర్లు, అంటే 3 అంగుళాలు.

రెండోరైఫిల్

ఇద్దరికీ చాలా థ్యాంక్స్. ఒక్కటి మిగిలింది. రికార్డు పుస్తకాల పద్ధతిలో, పాయింట్ పొడవు దాని వెడల్పుని మించాలి అంటారు కదా, అదే కొలరాడోలో వాడొచ్చా? పొరపాటున చెల్లని బుల్ పడితే ఏం చేయాలి?

ఆస్పెన్‌నీడ

రికార్డు పుస్తకం కొలతలు స్కోరు కోసం. వార్డెన్ (వేట నియమాల అధికారి) మీ ముందు టేపు పట్టుకుని నిలబడ్డప్పుడు చెల్లేది రాష్ట్ర బ్రోచర్‌లోని నిర్వచనమే. 1 అంగుళమా ముప్పావా అని తేల్చుకోవాల్సి వచ్చే బొడిపె మీద మీ నాలుగో పాయింట్ ఆధారపడి ఉంటే, 200 గజాల నుంచి దాన్ని ఎవరూ తేల్చలేరు. ఆ బుల్‌ని పోనివ్వండి. లెక్కపెట్టడానికి రైఫిల్ స్కోప్ ఎత్తవద్దు. 10 రెట్ల బైనాక్యులర్, దూరం ఎక్కువైతే ట్రైపాడ్ మీద స్పాటింగ్ స్కోప్. చేతుల్లో వణికే అద్దంతో మూడుకీ నాలుగుకీ తేడా దొరకదు.

పొరపాటే జరిగితే, ముందు జంతువు పొట్ట శుభ్రం చేసి మాంసం చల్లబడేలా చూడండి, వెంటనే కొలరాడో పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్‌కి (రాష్ట్ర వన్యప్రాణి శాఖకి) ఫోన్ చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పండి. వదిలేసి వెళ్ళడం అన్నిటికంటే చెడ్డ పని: మాంసం పాడవుతుంది, మీ మీద కేసు కూడా బరువెక్కుతుంది. లైసెన్సు సస్పెండ్ అయితే అంతర్రాష్ట్ర ఒప్పందం వల్ల ఇతర రాష్ట్రాల్లో కూడా వేట హక్కు పోతుంది.

చెల్లే బుల్ అయినా సరే, కొమ్ముల్ని పుర్రె నుంచి విడదీయకుండా తలతోనే ఉంచి, మాంసంతోపాటు ఇంటిదాకా తీసుకెళ్ళండి. కిందికి మోసేటప్పుడు రాళ్ళకి తగిలి బ్రౌ టైన్ విరగకుండా ఒక గుడ్డ చుట్టండి. రోడ్డు మీద ఆపి కొలిచేవాళ్ళకి అప్పుడు మీ చేతిలో ఉన్నదే కనిపిస్తుంది.