‘ఒక దినమాయెను’: ఆ ‘ఒక’ ఏ ఒక?

నిమ్మతోట: బైబిల్లో ఆదికాండం మొదటి అధ్యాయం, ఐదో వచనం. మా నాయనమ్మ ‘మొదటి దినమాయెను’ అని చదివేవారని గుర్తు. ఇంట్లో ఉన్న కొత్త ప్రతిలో ‘అస్తమయమును ఉదయమును కలుగగా ఒక దినమాయెను’ అని ఉంది. తరువాతవన్నీ రెండవ, మూడవ... ఇదొక్కటే ‘ఒక’. అచ్చుతప్పా?

పాతపుటలు: తప్పు కాదండీ. హీబ్రూలో ఉన్నది ‘యోమ్ ఎహాద్’. ఎహాద్ అంటే ఒకటి. ‘మొదటి’కి ‘రిషోన్’ అనే మాట వేరే ఉంది, అది అక్కడ వాడలేదు.

గోదారిగట్టు: అయితే ఇది ‘అనగనగా ఒక రాజు’లోని ‘ఒక’! ఎంత పొడవో చెప్పని దినం. విశ్వం వయసు 1380 కోట్ల సంవత్సరాలూ అందులో ఇమిడిపోతాయి. ప్రభువుకు ఒక దినం వెయ్యేళ్ళవంటిదని పేతురు రాయనే రాశాడు. ఇక సైన్సుతో పేచీ ఎక్కడ?

పాతపుటలు: దినానికి వెయ్యేసి లెక్కన ఆరు వేలే వస్తాయి గురువుగారూ. అదీగాక ‘ఒక’ను ఎంత సాగదీసినా ముందున్న ‘అస్తమయమును’ సాగదు. అస్తమించడానికి సూర్యుడు ఉండాలి కదా, ఆయన వచ్చింది నాలుగో దినాన.

మిణుగురు: ఆ చిక్కు డార్విన్ తెచ్చిపెట్టింది కాదు. సూర్యుడు లేని మొదటి మూడు దినాలేమిటని మూడో శతాబ్దంలోనే క్రైస్తవ పండితుడు ఒరిజెన్ అడిగాడు. ఇక 1380 కోట్ల సంగతి: విశ్వం వ్యాకోచిస్తోందని 1927లో రాసిన లెమైట్రె స్వయంగా క్యాథలిక్ ఫాదరు. 1951లో పోప్ పన్నెండవ పయస్ ఆ శాస్త్రాన్ని సృష్టికి రుజువన్నట్టు మాట్లాడితే లెమైట్రెకే రుచించలేదు. మనం ‘ఒక’లో కుక్కేస్తున్నాం!

గోదారిగట్టు: ఫాదరుగారికి తెలుగు రాదుగా.

చలివేంద్రం: మీరు ‘ఒక’ దగ్గరే ఆగారు. నాకు అంతకన్నా ఇష్టమైనది ‘కమ్ము’. రెండో వచనంలో చీకటి ‘కమ్మియుండెను’. మూడో వచనంలో ‘వెలుగు కమ్మని’. మొదటిది ఆవరించడం, రెండోది ‘అగు’కు విధిరూపం. చిన్నప్పుడు వెలుగును కూడా కమ్ముకోమన్నారనే అనుకున్నాను. ఆ చీకటి చదివితే పోతన ‘పెంజీకటి కవ్వల’ గుర్తురాకుండా ఉంటుందా? ఆయన వెలుగు చీకటికి అవతల ఉంది, ఇక్కడిది పిలిస్తే వచ్చింది.

పాతపుటలు: పోతనది సృష్టి కాదండీ, లయ. లోకాలన్నీ తెగిన తరువాతి చీకటి.

చలివేంద్రం: చీకటి చీకటే కదా.

నిమ్మతోట: నాయనమ్మ ప్రతి దొరికింది. ముందు పుటలు చెదలు తినేశాయి. రెండవ దినం నుంచే ఉంది.

గోదారిగట్టు: చూశారా, ఆ ‘ఒక’ ఇంకా తెరిచే ఉంది!